కాన్వెంటు అన్న, బడి అన్ననా?

నా చిన్నప్పుడు మాది ఊరనిపించుకునేంత ఊరు కాదు. బొల్లారం వైపు రాళ్ళనేల మీద విసిరేసినట్టు ఓ పది ఇళ్ళు, అంతే. ఇప్పుడు అక్కడ దిగాలంటే షేర్ ఆటోలో "కాన్వెంట్" అంటే చాలు. ఫ్యాక్టరీల్లో పని దొరికి కోస్తా నుంచి వచ్చిన కొత్త కాపురాలవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని దిగి, "అడ్మిషన్లు ఎక్కడండీ?" అని ఈనాటికీ నన్ను అడుగుతుంటారు. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

మా వైపు కాన్వెంటు అంటే ఇంగ్లీషు బడి. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని అప్పట్లో ఎవరికీ తెలియదు, ఒక్క మా తాతకు తప్ప. చర్చి సిస్టరమ్మలు ఇల్లు కట్టుకోవడానికి చెలక, అంటే మెట్ట నేల, తీసుకున్నది ఆయన దగ్గరే. అయితే అక్కడికి జీపు పోయే బాట లేదు. బాట పడాలంటే అందరూ తమ చేలల్లోంచి తలా కొంత వదలాలి. తాత నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. తనే నేర్పిన ఏబీసీడీలు నాతో చదివించేవాడు. "కాన్వెంటు వస్తది. మా బిడ్డను సూడుండ్రి, ఎట్ల చదువుతదో!" అనేవాడు. ఎనిమిదేళ్ళదాన్ని, మురిసిపోయి గొంతు చించుకునేదాన్ని.

అందరికన్నా ఎక్కువ వదిలింది పక్కింటి అక్క వాళ్ళ నాయన. కంది చేను నడుమ నుంచే బాట పోనిచ్చాడు. అక్కకు పన్నెండేళ్ళు. మూడో తరగతితో చదువు మాన్పించి కలుపుకు పంపుతున్నారు. కాన్వెంటు తెరిస్తే మళ్ళీ బడికి పంపుతానని ఆయన మాటిచ్చాడు. అప్పటి నుంచి అక్క రోజూ పొలం నుంచి రాగానే నా పలక తీసుకుని అక్షరాలు దిద్దేది.

పునాది తవ్విన రోజు నేను పలక పట్టుకుని అక్కడికి పోయాను. పెద్ద సిస్టరమ్మ నా తల నిమిరింది. ఇది ముసలి సిస్టర్లు ప్రార్థన చేసుకుంటూ ఉండే ఇల్లని, బడి కాదని, ఆ సంగతి మా తాతకు మొదటే చెప్పానని మెల్లగా చెప్పింది. ఆమె తప్పేమీ లేదు. ఏడుస్తూ పరుగెత్తి పోయి తాతను నిలదీశాను.

"నేనెప్పుడన్న బడి అన్ననా? కాన్వెంటు అన్న" అన్నాడు. కాస్తయినా తడబడలేదు. పైగా నన్ను దగ్గరకు లాక్కుని, "బడి అనుకోకపోతే జానెడు జాగ ఇస్తుండ్రా వీళ్ళు? బాట పడ్తది, నీళ్ళొస్తయి, ఊరు పెరుగుతది. బాటకు హద్దురాళ్ళు పాతేదాంక జెర ఊకో బిడ్డా" అన్నాడు.

ఆయన అన్నట్టే అన్నీ జరిగాయి, నాకు అదింకా మంట. సిస్టరమ్మలు బోరు వేయించి అందరినీ నీళ్ళు పట్టుకోనిచ్చారు. నీళ్ళున్నాయని ఇళ్ళు వచ్చాయి. ఫ్యాక్టరీలు లేచాక కంపెనీ బస్సు ఆ బాట మీదికే వచ్చింది. మోసం బయటపడ్డాక కూడా ఊళ్ళోవాళ్ళు ముసలోడు గట్టోడని నవ్వుకున్నారే తప్ప, ఒక పసిపిల్లను ఎరగా వాడుకున్నాడని ఎవరూ అనలేదు. నేను మాత్రం మళ్ళీ ఆయన వేలు పట్టుకోలేదు.

కానీ నన్ను లోపల తినేది తాత చేసిన పని ఒక్కటే కాదు. పునాది తవ్విన ఆ సాయంత్రమే అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "ఎప్పుడు తెరుస్తరంట పిల్లా?" అని అడిగింది. తాత అరుగు మీద నుంచి నన్నే చూస్తున్నాడు.

"వానలు పడంగనే తెరుస్తరంట అక్కా" అన్నాను.

వానలు పడేదాకా అక్క దిద్దుతూనే ఉంది. వానలూ పడ్డాయి, ముసలి సిస్టర్లూ వచ్చారు. కలుపుకు పోతూ పోతూ అక్క మా వాకిట్లో ఆగి, "నీకు ముందే ఎరికేనా?" అని ఒక్క మాట అడిగింది.

"లేదక్కా" అన్నాను.

నమ్మింది. మా వెనక వీధిలోనే ఉంటుంది. ఇప్పటికీ నమ్ముతూనే ఉంది.