నాన్నకు వచ్చిన వాగ్దానం

నా చిన్నప్పుడు మా లంకలో కొత్త సంవత్సరమంటే కేకులు కాదు, కొత్త బట్టలూ కాదు, వాగ్దానం. జనవరి ఒకటో తారీఖు పొద్దున్న ఆరాధన అయ్యాక మా తాటాకుల గుడిలో ఒక సత్తు పళ్లెం తిరిగేది. దాని నిండా బైబిలు వాక్యాలు రాసిన కాగితం ముక్కలు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ముక్క మీద ఏ మాట ఉంటే ఆ ఏడాదంతా దేవుడు మనతో చెప్పే మాట అదేనని మా నమ్మకం. ఆ ఆచారం ఇప్పుడూ ఉందిలెండి. మా మనవరాలు ఫోన్ మీద వేలితో గీకితే వాగ్దానం వస్తుంది, నచ్చకపోతే మళ్లీ గీకుతుంది. అది చూసినప్పుడల్లా దాన్ని కేకలేస్తాను. ఎందుకు కేకలేస్తానో దానికి తెలీదు పాపం. ఈ సంగతి ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నాను గనక.

మా ఊరు కొల్లేటి నడుమ చిన్న లంక. చుట్టూ నీళ్లు, నీళ్లు లేనిచోట కిక్కిస గడ్డి. కైకలూరు సంతకు వెళ్లాలన్నా, జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి పోవాలన్నా దోనె ఎక్కాల్సిందే. మా నాన్న ఆ దోనె నడిపేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. నేను నాలుగో తరగతికి వచ్చానని మాత్రం దోనె ఎక్కిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. ఎక్కినవాళ్లు ఎక్కడికి పోతారు, వినేవారు. సాయంత్రం దోనె కట్టేసేటప్పుడు, దాన్ని తోసే గెడతో దాని అంచు మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే మా అమ్మ కంచంలో అన్నం పెట్టేసేది.

మా గుడికి పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవారు. తక్కిన రోజులన్నీ మమ్మల్ని చూసుకున్నది బైబిలమ్మగారు. ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపించి, ప్రార్థన చేసి వెళ్లే ఆడవాళ్లను మావైపు అలా పిలిచేవారు. తెల్ల చీర, భుజాన గుడ్డ సంచి, నోరు మహా కరుకు. ఆవిడ నోట అబద్ధం రాదని లంకంతా ఎరుగుదురు. ఎవరైనా ఆప్యాయంగా చేపల పులుసు పోసి ఎలా ఉందండీ అని అడిగితే, ఉప్పెక్కువైందమ్మా అని మొహం మీదే చెప్పేవారు. వాగ్దానాలు రాసేది కూడా ఆవిడే. ఏలూరులో ఎవరో ఇచ్చే పాత క్రిస్మస్ కార్డుల్ని ముక్కలు చేసి, వెనకవైపు గుండ్రటి అక్షరాలతో వాక్యం రాసేవారు. అందుకని ఒక్కో ముక్క మీద ఒక్కో బొమ్మ తునక ఉండేది. ఒకరికి సగం నక్షత్రం, ఒకరికి ఒంటె కాలు. కొన్ని ముక్కలు వట్టి తెలుపు.

ఆ ఏడు నాకు వట్టి తెలుపు వచ్చింది. మా నాన్నకు గొర్రెపిల్ల వచ్చింది. తునక కాదు, తోకతో సహా నిండు గొర్రెపిల్ల, ఒంటి మీద బంగారు పొడి. నాకు కళ్లు కుట్టాయి. నాన్న ఆ ముక్కను నా చేతిలో పెట్టి, "చదివి పెట్టు బుజ్జులూ, నా మాట ఏంటో చూద్దాం" అన్నాడు. చదివాను, మనసులో. నువ్వు నీళ్లలో నడిచేటప్పుడు నేను నీతో ఉంటాను అని దాని అర్థం. పైకి మాత్రం నా తెల్ల ముక్క మీదిది చదివాను. నీ ఇంట ఆహారానికి తక్కువ కాదు అని దాని అర్థం. చదివి, ఆ తెల్ల ముక్కే మడిచి ఆయన చేతిలో పెట్టాను. గొర్రెపిల్ల నా వాచకం పుస్తకంలోకి వెళ్లిపోయింది. చదువు రాని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. తొమ్మిదేళ్ల ముండకి ఎంత పొగరో చూడండి. నాన్న ఆ కాగితాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది, ఈ ఏడు తిండికి లోటు లేదన్నమాట" అని రొంటిన దోపుకున్నాడు.

ఆ వానాకాలం బుడమేరు పొంగి కొల్లేరు ఉబ్బింది. ఊళ్లో ఒక అక్కకు నొప్పులు మొదలైతే నాన్న దోనె తీశాడు. అమ్మ వద్దంది. తడిగాలి చెవుల్లో హోరుమంటోంది. "రెండు ప్రాణాలు కదే, వెళ్లకపోతే ఎలా" అని వెళ్లిపోయాడు. ఆ అక్కను అవతలి ఒడ్డుకు క్షేమంగా చేర్చాడు, ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఒంటరిగా తిరిగి వస్తుంటే గాలి తిరిగింది. దోనె మర్నాడు బోర్లా పడి దొరికింది. నాన్న మూడోరోజు కిక్కిసలో దొరికాడు. రొంటిన ఆ కాగితం అలాగే ఉంది. సిరా అంతా కరిగిపోయి, రెండు వైపులా తెల్లగా ఉంది.

ఇంటి ముందు ఆడవాళ్లంతా కూర్చుని ఏడుస్తున్నారు. ఒక ముసలమ్మ మా అమ్మ వీపు నిమురుతూ, ఈ ఏడు ఆయనకి ఏ వాగ్దానం వచ్చిందే అని అడిగింది. తిండికి లోటుండదని వచ్చింది పిన్నీ అంది అమ్మ. "అయ్యో నా తండ్రీ! నీళ్ల మీద బతికే మనిషికి కాస్త కాపుదల మాటైనా రాలేదే" అని ఆ ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. ఆవిడ పాపం ఏ దురుద్దేశంతోనూ అనలేదు. నేను గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను. కాపుదల మాట వచ్చింది, నేనే కాజేశాను, మా నాన్నను నేనే చంపేశాను అని ఆ క్షణాన నాకు రూఢి అయిపోయింది.

నాన్నను మట్టి చేసిన మూడోనాటి నుంచి గెడ చప్పుడు మొదలైంది. పొద్దు గూట్లో పడే వేళకు దోనె అంచు మీద రెండు దెబ్బలు. మా అమ్మ వంక చూసేదాన్ని. ఆవిడ పొయ్యి ఊదుకుంటూ ఉండేది, తల కూడా తిప్పేది కాదు. నాకొక్కదానికే వినిపిస్తోందంటే నా కోసమే వస్తున్నాడన్నమాట. తన కాగితం తనకిమ్మని అడగడానికి వస్తున్నాడన్నమాట. బిందెలోకి తొంగి చూడాలంటే భయం. రేవు వైపు అడుగు పడేది కాదు. సరిగ్గా అప్పుడే బైబిలమ్మగారు ఏలూరు హాస్టల్లో నాకు సీటు మాట్లాడి వచ్చారు. నా వెనక ఇద్దరు చంటిపిల్లలతో అమ్మకి పూట గడవడమే కష్టంగా ఉంది, నాకు చదువు కావాలంటే అదొక్కటే దారి. కానీ హాస్టలుకు వెళ్లాలంటే నీళ్లు దాటాలి. రెండుసార్లు రేవుదాకా ఈడ్చుకెళ్లారు. రెండుసార్లూ దోనె అంచు పట్టుకుని ఊరు దద్దరిల్లేలా ఏడ్చాను. ఇంకోసారి చూస్తాను, రాకపోతే ఆ సీటు వేరే పిల్లకి ఇచ్చేస్తారు అని ఆవిడ చెప్పేశారు.

ఆ మూడోసారికి ముందురోజు, అన్నాలయ్యాక అందరూ కునుకు తీస్తుంటే, నేను వాచకంలోంచి గొర్రెపిల్లను తీసుకుని సమాధుల దిబ్బకు వెళ్లాను. నాన్న సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. కొబ్బరి చిప్పతో తవ్వడం మొదలుపెట్టాను. ఆయనది ఆయనకిచ్చేస్తే చప్పుడు ఆగుతుందని నా ఆశ. మోచేతిదాకా చెయ్యి దిగేసరికి గుంటలో నీళ్లు ఊరాయి. ఆ నీళ్లు చూసి పెద్దగా కేక పెట్టాను. వెనక నుంచి ఎవరో నా జడ పట్టుకుని లేపారు. బైబిలమ్మగారు.

కొడతారనుకున్నాను. కొట్టలేదు. ఆ బురదలోనే తెల్లచీరతో కూలబడి, "ఏంటమ్మా ఇది" అన్నారు. అంతే, నా కట్ట తెగిపోయింది. గొర్రెపిల్ల దగ్గర్నుంచి గెడ చప్పుడుదాకా మొత్తం చెప్పేశాను. నేనే చంపేశానండీ అన్నాను. ఆవిడ నా చేతిలోని ముక్కను తీసుకుని, చీర చెంగుతో మట్టి తుడిచి, బొమ్మ నా కళ్ల ముందు పెట్టారు.

"మీ నాన్నకి చదువు రాదు గాని, కళ్లు లేవనుకున్నావా? గొర్రెపిల్ల ఇచ్చి తెల్లకాగితం పుచ్చుకున్న మనిషికి తెలీదంటావా?"

ఆవిడ చెప్పారు. వాగ్దానాలు తీసిన మర్నాడే దోనె మీద ఆవిడను దాటిస్తూ నాన్న ఈ సంగతి ఎత్తాడట. మా బుజ్జులు నా బొమ్మ కొట్టేసిందండీ అమ్మగారూ, ఆ బొమ్మ వెనక ఏం రాశారేంటండీ అని నవ్వుతూ అడిగాడట. రాసింది తనే గనక ఆవిడ చెప్పారట. పిల్లను మందలించి తెచ్చిస్తానన్నారట కూడా. అప్పుడు నాన్న గెడ వేస్తూనే, "వద్దండీ. నీళ్ల మాట దానికే ఉండనివ్వండి. నాకు గెడ చేతిలో ఉంది, దానికి ఈతైనా రాదు కదండీ" అన్నాడట.

నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. అయితే నాన్నకి ఏమీ లేకుండా పోయింది కదండీ అని అరిచాను. దానికి ఆవిడ మొహం మారిపోయింది. ఆ కరుకు మనిషి కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఇది తాయెత్తు కాదమ్మా, కట్టుకున్నవాళ్లని కాపాడి కట్టుకోనివాళ్లని వదిలెయ్యడానికి. నీళ్లు రావని దేవుడు ఎక్కడా చెప్పలేదు. నీళ్లలో తోడుంటానని చెప్పాడు. కాగితం ఎవరి దగ్గరున్నా ఆ మాట మీ నాన్నదే. ఆ గాలిలో ఆయన ఒంటరిగా లేడు." నాన్న సమాధి వంక చూసి, "నేను చూళ్లేదు. నమ్ముతున్నాను. నమ్మకపోతే బతకలేను" అన్నారు. ఆవిడ పెనిమిటి, ఏడాది పిల్లాడు ఒకే వారంలో కలరాతో పోయారని అప్పటికి నాకు తెలీదు. పెద్దయ్యాక మా అమ్మ చెప్పింది.

ఆవిడ గుంటను తనే పూడ్చి, గొర్రెపిల్లను నా చేతిలోనే పెట్టారు. ఇచ్చినదాన్ని తిరిగిచ్చేస్తే ఇచ్చినవాడికి చిన్నతనం, ఉంచుకో అన్నారు. మర్నాడు రేవులో దోనె ఎక్కాను. ఆవిడ నా పక్కన కూర్చున్నారు. ప్రార్థన చెయ్యలేదు, భయపడకు అని కూడా అనలేదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు, అంతే. మధ్యలో కిక్కిస పక్కగా వెళ్తున్నప్పుడు ఆవిడ కూడా కళ్లు గట్టిగా మూసుకోవడం చూశాను.

ఆ రోజు నుంచి ఒకటి నేర్చుకున్నాను. చావు ఇంటికి వెళ్తే నేను వాక్యాలు వల్లించను. దేవుడి చిత్తం అనే మాట నా నోట రాదు. వెళ్లి పక్కన కూర్చుంటాను, చెయ్యి పట్టుకుంటాను, వాళ్లు లెమ్మనేదాకా లేవను. మా చర్చి ఆడవాళ్లు నన్ను మాట రాని టీచరమ్మ అని వెక్కిరిస్తారు. వెక్కిరించుకోనివ్వండి, వాళ్లకేం తెలుసు.

గెడ చప్పుడు ఆగిందా అంటే, ఆగలేదు. ఇప్పుడు మా ఇల్లు తాడేపల్లిగూడెంలో, చుట్టూ రైసుమిల్లులు. కొల్లేరు ఎక్కడ, ఇదెక్కడ. అయినా వానగాలి లేస్తే రెండు దెబ్బలు వినిపిస్తాయి. భయం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పుడు లేచి వెళ్లి తలుపు తీస్తాను, అదొక్కటే తేడా.

ఇంకో దెయ్యం కూడా ఉంది, అది ఇంకా మొండిది. మా నాన్న నిజంగా ఆ మాట అన్నాడా? ఇప్పుడు నా వయసు బైబిలమ్మగారి అప్పటి వయసు కంటే చాలా ఎక్కువ. సమాధి తవ్వుతూ ఏడ్చే తొమ్మిదేళ్ల పిల్ల నా ముందుంటే నేనైతే అబద్ధం ఆడతాను. ఒకటి కాదు, పది ఆడతాను. ఆవిడా ఆడారేమో. అడుగుదామని హాస్టలుకు వచ్చినప్పుడల్లా అనుకున్నాను. నా పెళ్లినాడు అనుకున్నాను. ఏలూరు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, ఆఖరిసారి ఆవిడ చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా అనుకున్నాను. అడగలేదు.

అది నిజమైతే మా నాన్న అన్నీ తెలిసే ఇచ్చి పోయాడు. అబద్ధమైతే, పులుసులో ఉప్పు గురించి కూడా అబద్ధం చెప్పలేని మనిషి, అబద్ధమాడితే దేవుడి ఎదుట తలదించుకోవాల్సొస్తుందని భయపడే మనిషి, నా కోసం ఆ పాపాన్ని నెత్తినేసుకున్నారు. ఏది నిజమో చచ్చేదాకా నాకు తెలియదు. ఏదైనా సరే, ఎవరో ఒకరు తాము మునిగి నన్ను గట్టెక్కించారు.