పర్వతాలు మెడలో బంతిపూల దండ

దేవరకొండ వారపు అంగడిలో మేకలు అమ్ముకునే పర్వతాలుకు ఫొటోలతో అంతకుముందు ఏ పేచీ లేదు. స్టూడియో నడిపే సురేశ్ ఒక అంగడి నాడు వీధిలో ఈయన్ను ఫొటో తీసి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఉత్తపుణ్యానికి చేతిలో పెట్టాడు. అదే కొంప ముంచింది.

ఫొటోలో పర్వతాలు పూలకొట్టు అవతల నిలబడి ఎటో చూస్తున్నాడు. ఇవతలి నుంచి పూలమ్మే ఆమె రెండు చేతులతో బంతిపూల దండ ఎత్తి పట్టింది. ఆమె మొహం ఫొటోలోకి రాలేదు. దండ మాత్రం సరిగ్గా పర్వతాలు మెడలో పడ్డట్టే ఉంది.

"బతికున్న మనిషికి దండేసిన ఫొటో ఏంది? ఎవలన్న ఇంట్ల పెడ్తరా?" అని భార్య సత్తమ్మ నెత్తి కొట్టుకుంది. పక్కింటి పరమేష్ తొంగి చూసి, "దినాలు ఎప్పుడు మామా? యాటపోతును కోస్తున్నరా?" అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ.

అప్పటినుంచి పర్వతాలు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఫ్రేమును గోడవైపు తిప్పి పెట్టాడు, వడ్ల బస్తాల వెనక దాచాడు, మళ్లీ తీసి చూశాడు. దగ్గొస్తే ఇదేనేమో, కల్లు రుచించకపోతే ఇదేనేమో. మేకల వెంట గుట్టలన్నీ తిరిగి తోడేలును కూడా లెక్కచేయని మనిషి, ఒక కాగితానికి భయపడ్డాడు. చివరికి దాన్ని సురేశ్ మొహానే కొడదామని సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

స్టూడియోలో, ఆ పూలమ్మే నర్సింగమ్మ బిడ్డ మల్లిక కూర్చుని ఏడుస్తోంది. తల్లి గుండె ఆగి చనిపోయిందట.

"ఎవలు ఫొటో తీసినా మొగం దాచుకునేది. ఆధార్ కార్డు మీద ఉన్నది గని, అండ్ల మా అమ్మ మా అమ్మ లెక్కనే లేదు. గీ చేతులైతే మా అమ్మయే," అంటూ గోడకున్న అదే ఫొటోను చూపించింది.

చావు ఆమెది, తనది కాదు అనుకోగానే పర్వతాలుకు హాయిగా ఊపిరాడింది. వెంటనే సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ ఫొటోలో తనను తప్ప ఇంకొకరిని చూడనేలేదు.

"మామ తలకాయ కోసేస్త అక్కా, చేతులు మిగుల్తయి," అన్నాడు సురేశ్.

పర్వతాలు గబుక్కున అడ్డం వచ్చాడు. "జర ఆగు పిలగా, తలకాయ జోలికి పోకు," అని సంచిలోని ఫ్రేము తీసి మల్లిక చేతిలో పెట్టాడు.

దినాల నాడు ఇంట్లో ఉండబట్టలేక ఆయనా మల్లిక ఇంటికి వెళ్లాడు. పీటమీద ఆ ఫ్రేమే ఉంది. నర్సింగమ్మ చేతులకు కుంకుమ పెట్టారు. మల్లిక దండ అందుకుని, పర్వతాలును చూసి ఆగిపోయింది.

"నీ మెడలనే పడ్తది మామా. నాకు పాణం ఒప్పుతలేదు."

అందరూ ఆయనవైపే చూస్తున్నారు. భయమేమీ పోలేదు. లేచి పారిపోదామనే ఉంది.

"వేయ్ బిడ్డా," అన్నాడు. "మీ అమ్మ ఎన్నడో వేసింది."