విప్పే మామయ్య

మా మామయ్యకి ఒకటే జబ్బు. కనిపించిన వస్తువునల్లా విప్పేస్తాడు, తిరిగి బిగించలేడు. పెళ్లయిన కొత్తలో అత్తయ్య చేతి గడియారం విప్పాడట. ఆవిడ ఇప్పటికీ టైమెంతని పక్కింటివాళ్లనే అడుగుతుంది.

సరిహద్దు దాటి వచ్చే గూడ్సు రైలు మా ఊళ్లో ఆగడం మొదలెట్టాక ఆయనకి పండగే. టార్చిలైటు దిగినా, ఫ్యాను దిగినా మొదటి బేరం మామయ్యదే.

"ఇదైనా వాడుకుంటామా?" అనేది అత్తయ్య.

"లోపలేముందో చూసి వాడుకుందాం."

చూడటం అయ్యేది. వాడుకోవడం మా ఇంటావంటా లేదు.

అదే రైల్లో మీట నొక్కితే తెరుచుకునే గొడుగులొచ్చి, మా వీధి చివర గొడుగులు చేసే ఆయన నోట్లో మట్టి కొట్టాయి. ఆయన మహా పంతగాడు. "అవి నేను అమ్మను, చెయ్యడం నేర్చుకోను. కొట్టు మూసేస్తా గానీ!" అని ఒట్టేశాడు. కొత్త తాళం కూడా కొన్నాడు. అయితే రిపేరుకొచ్చిన గొడుగుని మాత్రం ఎన్నడూ వెనక్కి పంపి ఎరగడు.

మామయ్య ఆ గొడుగొకటి కొన్నాడు, విప్పాడు. అది వేరే చెప్పాలా? వారం తిరక్కుండా దాని స్ప్రింగు ఒక చేత్తో, కర్ర ఇంకో చేత్తో పట్టుకుని ఆ కొట్టు ముందు హాజరు. ఆ తర్వాత రెండ్రోజులకోసారి ఇదే వరస.

"అన్నా, బిగించడం రావట్లేదు."

"చేతులా అవి, రోకళ్లా? మొన్ననే కదయ్యా చూపించాను! ఇలా తే!"

తిట్టి తిట్టి, బిగించి బిగించి, గొడుగులాయనకి దాని మర్మమంతా పట్టుబడింది. "ఇది గాలికి నిలవదయ్యా. నేనే ఇంతకంటే నయంగా చేస్తా," అని ఓ రోజు ఆయనే అన్నాడు. అన్నట్టే చేశాడు. ఈదురుగాలికి తిరగబడని ఆ గొడుగుల కోసం సరిహద్దు అవతల నుంచే బేరం వచ్చింది. ఇన్నాళ్లూ నిండుగా వచ్చి ఖాళీగా పోయే రైలుకి మా వీధి సరుకెక్కింది.

ఎక్కించే రోజు అందరం వెళ్లాం. ఒకటే వాన. అత్తయ్య చేతిలో మామయ్య కొన్న ఆ పాత గొడుగు ఎంత నొక్కినా తెరుచుకోదు. గొడుగులాయన దూరంగా పెట్టెలెక్కిస్తున్నాడు. మామయ్య జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. అత్తయ్య "బాబోయ్, వద్దు!" అనేలోపే విప్పడం, బిగించడం అయిపోయి, గొడుగు టప్పున తెరుచుకుంది.

నేను నోరు తెరిచాను. "నీకు బిగించడం వచ్చా?"

"గట్టిగా అరవకు. మొదట్లో నిజంగానే రాలేదు. ఆయన ఒకసారి చూపించగానే వచ్చేసింది."

"మరి అన్ని తిట్లు ఎందుకు తిన్నావు?"

"నేర్చుకోమంటే నేర్చుకునే మనిషా ఆయన? అయినా తిట్టేటప్పుడు ఆయన మొహం చూశావా? కొట్టు మూసేసుకునేవాడి మొహమా అది?"

మామయ్య మీద నాకెంత ముద్దొచ్చిందో చెప్పలేను. అంతలో గొడుగులాయన కేక వినిపించింది. "ఏమయ్యా, మళ్లీ పాడుచేశావా?"

మామయ్య అత్తయ్య నెత్తిమీది గొడుగు లాక్కుని, చటుక్కున స్ప్రింగు ఊడబీకి, వానలో పరుగెత్తాడు.

"అవునన్నా! నువ్వే చూడాలి!"

అత్తయ్యా నేనూ నిలువునా తడిసిపోయాం. ఆవిడ అలాగే నవ్వుతూ నిలబడింది.