పైడమ్మ చేపల బండి ఎందుకు ఆగేది

నిరుడు మే నెల మాట. భిలాయిలో స్మృతి నగర్ దారిలో నాకో చిన్న షెడ్డు ఉంది. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. ఇంజిన్ విప్పేవాణ్ణి కాదు, బండిలో కరెంటు ఎక్కడిదాకా వెళ్లి ఎక్కడ ఆగిపోయిందో వెతికేవాణ్ణి. పుట్టింది ఇక్కడి స్టీలు ప్లాంటు సెక్టర్ 4 క్వార్టర్లో, మా నాన్నది విజయనగరం వైపు. బండిని తిట్టాలంటే నాకు హిందీ వస్తుంది, బతిమాలుకోవాలంటే తెలుగే.

ఒక రోజు పైడమ్మక్క తన పాత పెట్రోల్ ట్రక్కును తాడు కట్టి లాగించుకొచ్చింది. ఆవిడ కుమ్హారి అవతల చెరువుల్లో చేపలు కొని, డ్రముల్లో నీళ్లు పోసి, బతికున్నవాటినే భిలాయి బజారుకు తెచ్చి అమ్ముతుంది. బండి తనే నడుపుతుంది. డ్రముల్లోకి గాలి ఊదే చిన్న మోటార్లు బండి బ్యాటరీ మీదే తిరుగుతాయి.

"ఎండెక్కితే సాలు తమ్ముడూ, గాడీ దార్లో బంద్. సల్లబడితే మల్లీ నడుస్తాది. ఈలోగా సేపలు సచ్చిపోతన్నాయి" అంది.

"మిస్త్రీలు ఏటన్నారు?"

"పంపు పోనాదని కొత్తది ఏసినారు. అదీ అంతే. మల్లీ ఇంకోటి ఏసినారు. ఇంకోపాలి లోడు సచ్చిపోతే గాడీ అమ్మీసి ఇంట్లో కూకుంటాను. సేపలు నోరు తెరుసుకుని తన్నుకుంటంటే సూళ్లేకపోతన్నాను."

ఆవిడ అన్న పంపు ట్యాంకులోంచి పెట్రోలును ఇంజిన్‌కు తోసే కరెంటు మోటారు. ఈ బండిలో అది ట్యాంకు లోపలే ఉంటుంది. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర సన్నటి రొద వినిపించాలి, లేదంటే పంపు తిరగడం లేదన్నమాట. నా షెడ్డులో అది హాయిగా తిరిగింది. ఫ్యూజ్ బాగుంది. పంపుకు కరెంటు వదిలే రిలే మార్చి చూశాను. కరెంటు తిరిగి వెళ్లే దారిని మేం ఎర్త్ అంటాం, ఆ తీగ మొదలు కూడా గీకి బిగించాను. ఎక్కడా తప్పు దొరకలేదు. డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయే రోగులుంటారే, ఇదీ ఆ రకమే. నాకు ఒళ్లు మండింది.

"రేపు నీతో నేనూ వస్తానక్కా" అన్నాను.

"సేపల కంపుతో ఎల్తే మరదలు గుమ్మం ఎక్కనివ్వదు" అని నవ్వింది.

మర్నాడు లోడు ఎత్తుకుని తిరిగొస్తుంటే, కుమ్హారి దాటాక ఇంజిన్ గుటకలు మింగి ఆగిపోయింది. అక్క బండిని రోడ్డు పక్కకు దొర్లించింది. నేను దిగి టెస్ట్ ల్యాంప్ తీశాను. అది రెండు తీగలున్న బల్బు, అంతే. మీటరు ఒక్కోసారి మోసం చేస్తుంది గానీ, బల్బు వెలగాలంటే కరెంటులో నిజంగా సత్తువ ఉండాలి. ట్యాంకు బయట పంపుకు వెళ్లే తీగలు విడదీసి బల్బుకు తగిలించి, తాళం తిప్పమన్నాను. బల్బు భేషుగ్గా వెలిగింది. అంటే కరెంటు పంపు గుమ్మం దాకా వచ్చింది, లోపల పలికేవాళ్లే లేరు.

తీగలు మళ్లీ కలిపి ట్యాంకు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. వేలితో కొట్టాను. డొల్ల చప్పుడు.

"పెట్రోలు ఎంత పోయిస్తావక్కా?"

"అడుక్కి. ఎప్పుడూ అంతే."

"ఎందుకు?"

"ఓపాలి నిండా పోయించితే, గుంతల్లో మూత కాడ కారి డ్రముల మీద సిందినాది. కొన్నోల్లు సేపలు పెట్రోలు కంపంటూ తిరిగి తెచ్చినారు. ఆ రోజు కాడినుంచి నిండా పోయించనేదు. నా సేపలకి వాసన తగలకూడదు."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ పంపు లోపల తిరిగే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లుంటాయి, తిరుగుతున్నంతసేపూ సన్నగా నిప్పురవ్వలు రాలుస్తాయి. ఆ రవ్వలు రాలేది ఎక్కడ? పెట్రోలులో. పంపు పెట్రోల్లో మునిగి ఉంటుంది, ఇంజిన్‌కు వెళ్లే పెట్రోలు దాని ఒంట్లోంచే పోతుంది. లోపల గాలి లేదు కాబట్టి అంటుకోదు. పైగా దాని వేడిని లాక్కుపోయేది ఆ పెట్రోలే. ఇదంతా నాకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఆ రోజు మొదటిసారి ఒళ్లు జలదరించింది. అగ్గిపుల్ల చూపిస్తేనే భగ్గుమనే పెట్రోలు, నిప్పును ఒళ్లో పెట్టుకుని చల్లగా చూసుకుంటోంది. ఇలాంటివి ఎన్ని వందలు విప్పి పక్కన పడేశానో, ఒక్కసారీ ఆగి ఆశ్చర్యపోలేదు.

"దానికి సల్లదనం పెట్రోలేనక్కా. తక్కువైతే ఉడికిపోయి ఆగిపోతాది" అన్నాను.

అక్క డ్రముల వైపు చూసింది. "నీల్లు తక్కువైతే సేప ఏటవుతాదో నాకు సెప్పాలా" అని, డ్రముల మీది గోనెపట్టా లాగి నీళ్లలో ముంచి ట్యాంకుకు చుట్టింది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. గాలి మోటార్లు తిరిగితే బ్యాటరీ దిగిపోతుంది, ఇంజిన్ లేపాల్సిందీ అదే బ్యాటరీ. నేనేం చెప్పకముందే అక్క మోటార్లు ఆపేసింది. మగ్గు తీసుకుని, నీళ్లు ముంచి ఎత్తునుంచి ధారగా మళ్లీ డ్రములోకే పోయడం మొదలెట్టింది. అలా పోస్తే నీళ్లలోకి గాలి చేరుతుంది. "నువ్వెల్లి పెట్రోలు తే" అంది.

దారిన పోయే బైకు ఆపి బంకుకు వెళ్లాను. డబ్బా నింపుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ మోచేతుల దాకా కాదు, భుజాల దాకా తడిసిపోయింది. ఒక డ్రము నుంచి ఇంకో డ్రముకు తిరుగుతూ ఇంకా పోస్తూనే ఉంది. నా వైపు చూడను కూడా లేదు.

పెట్రోలు పోశాను. కాసేపు ఆగి, తడి గోనె మీద చెవి ఆనించి, "తిప్పక్కా" అన్నాను. లోపల్నుంచి సన్నగా, నీళ్లడుగునుంచి వచ్చినట్టు రొద మొదలైంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంజిన్ అందుకుంది, గాలి మోటార్లు బుడగలు తీశాయి. నాలుగైదు చేపలు తేలిపోయాయి గానీ, మిగతావన్నీ బజారుకు బతికే చేరాయి.

తర్వాత ట్యాంకు మూతకు కొత్త రబ్బరు వేశాను, ఉడికిపోయిన పంపు మార్చాను. పెట్రోలు సగానికి తగ్గనివ్వద్దని చెప్పాను. బండి ఎక్కడ ఆగుతోందని మేమంతా అడిగాం, ఆవిడ దాన్ని ఎలా చూసుకుంటోందో ఎవరం అడగలేదు. ఇప్పుడు ఏ బండి వచ్చినా నేను ముందు ఆ రెండో ప్రశ్నే వేస్తున్నాను.

మొన్న అక్క బజారులో కనిపించింది. డ్రముల్లో నీళ్లు నింపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ట్యాంకును వేలితో కొట్టి విన్నది. నిండైన చప్పుడు వచ్చింది. తాళం తిప్పి, తల వంచి ఇంకోసారి విన్నది.

"ఏటక్కా, ఏటంటోంది?" అన్నాను.

"ఊపిరి తీసుకుంటన్నాది" అంది.