కౌంటరు మావయ్య గుట్టు

యూనివర్సిటీ లైబ్రరీ కౌంటరు గుమాస్తాను పిల్లలంతా మావయ్య అంటారు. ఆయనంత గుట్టుమనిషి భూమండలం మీద మరొకడు లేడని ఎంత పందెమైనా కాయొచ్చు. ఫోనులో వాడేది గూఢచారులకు కూడా కొరుకుడుపడని మెసేజీ యాప్. చదివిన అరనిమిషానికి మెసేజీ దానంతటదే మాయమవుతుంది. అదీ చాలక ఫోనును రిజిస్టరు చాటున పెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తాడు. కాకపోతే ముప్పై ఏళ్లుగా అల్మరాల దగ్గరుండే అటెండరుకు పుస్తకాల నంబర్లు కేకేసి చెప్పిన నోరది. కళ్లు ఏది చదివినా, వేలు ఏది టైపు చేసినా పైకి అనాల్సిందే. ఆ గొంతుకు మూడో అంతస్తులో చెదపురుగులు సైతం మేత ఆపి వింటాయి. "నీ మెడ మీద గడ్డ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. మీ అన్నయ్యక్కూడా చెప్పకు" అని పోయిన సోమవారం ఆయన భార్యకు రాస్తుంటే, రీడింగు హాల్లో నలభైమంది తలలు దించుకున్నారు.

రిపోర్టు వచ్చే రోజు పొద్దుటినుంచీ ఆ హాల్లో ఒక్కరూ పేజీ తిప్పలేదు. పదకొండింటికి ఫోను వణికింది. మావయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏమండీ, గడ్డ మామూలుదేనట. భయం లేదన్నారు. ఇకనైనా అన్నం తినండి." హాలంతా చప్పట్లు. అటెండరైతే నిచ్చెన మీదే ఈల వేశాడు. "ఏంట్రా ఆ గోల? లైబ్రరీ అనుకున్నారా, సంత అనుకున్నారా?" అని కసిరి, కళ్లు తుడుచుకుని, మావయ్య చెయ్యి అడ్డం పెట్టి టైపు చేశాడు: "ఇక్కడ ఎవరికీ తెలియనివ్వలేదులేవే. పిల్లలెవరో పరీక్ష పాసైనట్టున్నారు, చెవులు చిల్లులు పడుతున్నాయి."