సర్వ చల్లార్చమని చెప్పనే లేదు

కాస్త ముందుకు జరిగి కూర్చోండి, అంత దూరానికి నా మాట అందదు. గొంతు పోయిన మనిషి ఉన్న ఇల్లు, గట్టిగా మాట్లాడే అలవాటు నాకూ తప్పింది.

మా ఆయన కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. గొంతులో పుండు లేస్తే పట్నం దవాఖానలో ఆపరేషన్ చేశారు. మనిషిని ప్రాణంతో సిద్దిపేటకు తెచ్చుకున్నాం గానీ మాట అక్కడే ఉండిపోయింది. సైగ అర్థం కాక నేను ఒకటికి ఇంకొకటి తెస్తే విసిరికొట్టేవాడు. తర్వాత విసరడం కూడా మానేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముద్ద పెడితే నోరు తెరవలేదు. మనిషి చేజారిపోతున్నాడని తెలుస్తూనే ఉంది.

మా కోడలు పట్నంలో పెరిగిన పిల్ల, కంప్యూటర్ పని తెలుసు. ఫోన్‌లో బొమ్మ నొక్కితే మాట పలికే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టుకుంది. అది ఏ కంపెనీ సొత్తూ కాదట. ఎక్కడెక్కడివాళ్లో కలిసి తయారుచేసి ఊరికే ఇచ్చారట, ఎట్లా పెట్టుకోవాలో కూడా రాసి ఉంచారట. కోడలు పొల్లుపోకుండా అట్లాగే చేసింది. బొమ్మలు వచ్చాయి, మాట రాలేదు. తీసేసి మళ్లీ పెట్టింది. రాలేదు. వాళ్లనే అడిగితే, మాకు పలుకుతోంది, రాసినట్టు చేయండని జవాబు. మా ఆయన నొక్కీ నొక్కీ ఫోన్ నా ఒడిలో పడేసి కళ్లు మూసుకున్నాడు.

"ఇగ సాలు బిడ్డా. ఆయనకు ఆశ పెట్టకు," అన్నాను.

వాసనకైనా లేస్తాడేమోనని సర్వపిండి చేయిద్దామనుకున్నాను. కోడలికి పొయ్యి అప్పగించి, ఆయన పక్కనే కూర్చుని చెబుతూ పోయాను. బియ్యప్పిండి కలుపు, సర్వ గిన్నె లోపల నూనె పూయి, వేళ్లతో చుట్టూ ఒత్తు, మూత పెట్టి కాల్చు. మొదటిది బాగానే వచ్చింది. రెండోదానికి కెవ్వుమంది. నిప్పులాంటి సర్వలో చెయ్యి పెట్టింది.

"ఓ పిచ్చిదానా! సర్వ బోర్లిచ్చి, నీళ్లు కొట్టి సల్లార్సినంకనే గదనే రెండోది ఒత్తేది!"

"నువ్వు చెప్పనే లేదు గదత్తమ్మా!"

"గది సుత చెప్పాల్నా? ఎవ్వలకు తెల్వదు?"

"నాకు తెల్వదు. మా ఇంట్ల పెనం మీదనే చేస్తం." వేళ్లు నీళ్లలో ముంచి అట్లాగే ఆగిపోయింది. "అత్తమ్మా, గా ఫోన్ బొమ్మలోళ్లు సుత గిట్లనే ఒక ముక్క ఇడిసిపెట్టిన్రేమో!"

వెంటనే వాళ్లకు రాసింది: మీరు మొదలుపెట్టకముందే మీ ఫోన్‌లో ఏమేం ఉన్నాయి? తెలుగు పలికే గొంతును ఫోన్‌లోకి విడిగా దించుకోవాలని ఒకాయన జవాబిచ్చాడు. వాళ్ల ఫోన్లలో అది ఎప్పటినుంచో ఉంది కనుక రాయాలని తోచలేదట.

గొంతు దిగింది. "మామా, ముందుగాల ఏం మాట పెట్టాలె?" అని అడిగింది కోడలు. ఆయన వేలు పైకెత్తి కిందికి దించాడు. అది నాకే తెలిసింది. చెట్టు దిగేముందు కింద ఉన్నవాళ్లకు వేసే కేక అది. నేను చెప్పాను, కోడలు తాటిచెట్టు బొమ్మకు తగిలించింది. ఆయన నొక్కాడు.

"జరుగుండ్రి, దిగుతున్న."

ఎవరో ఆడపిల్ల గొంతు. ఊరవతలికి వినిపించే ఆ కేక ఎక్కడ, ఇదెక్కడ! ఆయన మళ్లీ నొక్కాడు, ఏడుస్తూ నొక్కాడు. పెరుగులో నానిన సర్వపిండి ముక్క నోటి దగ్గర పెట్టాను. తెరిచాడు.

కాలిన వేళ్లతోనే కోడలు ఫోన్‌లో పెట్టుకునే ఆ పద్ధతంతా తెలుగులో తిరగరాసి వాళ్లకు పంపింది. ఒక్కో ముక్క చదివి నన్ను చేయమనేది, నేను ఆగిన చోటల్లా ఇంకో ముక్క చేర్చేది. "ఇంకో ఇంట్ల ఇంకో మామ గోడకు తిరిగి పండొద్దు," అంది.

మీ ఇంట్లో ఎవరి మాటా దూరం కాకూడదు. మీకు దారి చెప్పేవాళ్లు నడుమ ఏదీ మరవకుండా చెప్పాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ పిల్లల చేతులు కాలకుండా చల్లగా ఉండండి.