బండ వెనక ఆమెన్

నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. ఆ నమ్మకపోవడం ధైర్యం వల్ల వచ్చింది కాదు, బైబిల్ వాక్యం వల్ల వచ్చింది. చనిపోయినవాళ్లు దేవుని చేతిలో ఉంటారని, తిరిగొచ్చి మనుషుల మధ్య తిరగరని చిన్నప్పటి నుంచి విన్నాను. సండే స్కూల్లో పిల్లలకు నేనే చెప్పాను. మా సంఘంలో ఎవరికైనా గాలి సోకిందని భయం పట్టుకుంటే, ప్రార్థన చేయడానికి నన్నే పిలుస్తారు.

మాది కోరుట్ల. ఇళ్లకు కరెంటు పని చేస్తాను. షుగర్ ఉందని తేలాక డాక్టర్ నడవమన్నాడు. రోడ్ల మీద నడవడం విసుగనిపించి గుట్టలెక్కడం మొదలుపెట్టాను. మా వైపు దానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. జగిత్యాల బస్సో, సిరిసిల్ల బస్సో ఎక్కి గుట్ట కనిపించిన స్టేజీలో దిగితే, మేకలు నడిచిన బాట ఒకటి ఉండనే ఉంటుంది. పైకెక్కి, ఒక బండ చూసుకుని ప్రార్థన చేసుకుని, తిరుగు బస్సుకు దిగొస్తాను.

ఆ రోజు మా బామ్మర్ది సుధాకర్‌ను వెంట తీసుకెళ్లాను. జగిత్యాలలో ఆటో నడుపుతాడు. మనసు మంచిదే. కానీ చర్చి గడప తొక్కడం మానేసి తాగుడు పట్టాడు. నా భార్య తమ్ముడి కోసం ఏడవని రోజు లేదు. గుట్ట మీదైనా నాతో కలిసి ప్రార్థనలో కూర్చుంటాడని నా ఆశ.

మల్యాల దారిలో బస్సు దిగేదాకా నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు.

"ఆటో నడిపేటోణ్ని బస్సెక్కిచ్చినవ్ గద బావా. మా స్టాండోళ్లు జూస్తే ఇజ్జత్ పోతది."

"నడిస్తే నీ పొట్ట గూడ పోతది, రా" అన్నాను.

వానలు వెనకపట్టిన రోజులు. మధ్యాహ్నపు ఎండ. గుట్ట నిండా సీతాఫలం చెట్లు. ఒక పక్క ఎప్పుడో వదిలేసిన గ్రానైట్ క్వారీ ఉంది. నిలువునా కోసిన పెద్ద గుంత, అడుగున పచ్చటి నీళ్లు. మేము నడిచే బాట దానికి దూరంగానే పోతుంది.

గుట్ట మీద ప్రార్థనకు మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. గుంపుగా కూర్చోరు. ఒక్కొక్కరు ఒక్కో బండ చాటున కూర్చుంటారు. ఒకరు పైకి ప్రార్థిస్తుంటే, ఆగినచోటల్లా మిగతావాళ్లు ఉన్నచోటి నుంచే ఆమెన్ అంటారు. మధ్యలో కళ్లు తెరవకూడదు. సుధాకర్‌కూ తెలిసిన పద్ధతే. పెద్ద బండకు ఇవతల నేను కూర్చున్నాను. అవతల అతను తువ్వాల పరుచుకున్నాడు.

"జర షార్టుగ గానియ్యి బావా. నువ్వు మొదలువెడితే బస్సు గాదు, డిపోనే మూస్తరు" అన్నాడు.

నవ్వుకుని కళ్లు మూసుకున్నాను.

సంఘం కోసం, రోగుల కోసం, పిల్లల చదువుల కోసం ప్రార్థించాను. ఆగిన ప్రతిసారీ బండ అవతల నుంచి ఆమెన్ వచ్చింది. తొందరపెడతాడనుకున్న మనిషి ఒక్కచోట కూడా తప్పకుండా, నేను ఊపిరి తీసుకునే సందులో సరిగ్గా అంటున్నాడు. నాకు సంతోషంతో కళ్లలో నీళ్లొచ్చాయి. ప్రార్థన పొడిగించాను.

చివరికి అతని కోసమే అడిగాను. మా సంఘాల్లో తరచూ వినే మాటే అన్నాను. దేవా, విరగ్గొట్టి అయినా సరే, ఇతన్ని నీ దగ్గరికి తెచ్చుకో.

ఆమెన్.

అది మాత్రం బండ అవతలి నుంచి వచ్చినట్టు లేదు. నా చెవి పక్కన నిలబడి అన్నట్టుంది. ఒళ్లు జలదరించింది. పరిశుద్ధాత్మ తాకిడి అనుకున్నాను. కళ్లు తెరవలేదు.

ఎవరో నా భుజం పట్టి ఊపారు. చూస్తే మేకలు కాచే ముసలామె.

"ఓ కొడుకా! గా మనిషి క్వారీల వడి మొత్తుకుంటుండు. నీకు చెవులు లేవా?"

"ఏ మనిషి? మా బామ్మర్ది ఈడనే ఉన్నడు, బండెనుక" అన్నాను.

"ఆమెన్" అంది బండ వెనక గొంతు.

సుధాకర్ గొంతే. ముసలామె కూడా విన్నది. నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకుంది.

"ఆడ ఎవలున్నరు?" అని నన్నే అడిగింది, గొంతు తగ్గించి.

బండ చుట్టూ తిరిగి చూశాను. ఎవరూ లేరు. పరిచిన తువ్వాల మీదుగా చీమలు బారు కట్టి పోతున్నాయి. అటుపక్క మనిషి దాక్కునేంత పొద గానీ, గుంత గానీ లేదు.

అప్పుడు క్వారీ దిక్కు నుంచి సన్నగా "బావా" అని వినిపించింది. అదే గొంతు. ఏది మనిషిదో, ఏది కాదో తేల్చుకోలేకపోయాను. ముసలామె చెయ్యి పట్టి లాక్కుపోకపోతే నేను అక్కడే నిలబడి ఉండేవాణ్ణి.

సుధాకర్ నీళ్లకు పైన, మెట్టులా పొడుచుకొచ్చిన రాతి అంచు మీద పడి ఉన్నాడు. నేను కళ్లు మూసుకోగానే సీతాఫలాల కోసం లేచి వెళ్లి జారాడట. మోకాలి కింద ఎముక విరిగి పాదం పక్కకు తిరిగింది. ఫోను నీళ్లలో పడిపోయింది. రోడ్డు మీద పోతున్న ట్రాక్టర్ వాళ్లను పిలుచుకొస్తే తాళ్లు వేసి పైకి తీశారు.

జగిత్యాల ఆసుపత్రిలో కట్టు కట్టాక అతను నా వైపు కోపంగా చూశాడు.

"గట్ల మోసం జేస్తవా బావా? పిలిచినప్పుడల్లా 'అస్తున్న, కదలకు' అంటివి. ఎంతసేపటికీ రాకపోతివి."

ముసలామె వచ్చి ఊపేదాకా నేను అతని పిలుపు ఒక్కటీ వినలేదు. ఒక్క మాటా అనలేదు.

తర్వాత అదే స్టేజీలో బస్సు దిగి ముసలామెను వెతికి అడిగాను. ఒక్కడి అరుపులే విన్నానంది, జవాబు వినలేదంది. ఆ బండ దిక్కు ఇప్పుడు మేకలను కూడా తోలడం లేదట.

"నువ్వు గూడ గుట్టెక్కకు కొడుకా" అని బస్సు వచ్చేదాకా నాతోనే నిలబడింది.

మా పాస్టర్‌గారు ఓపికగా విన్నారు. కదలకు అన్నది దేవదూత అయి ఉంటుందన్నారు. కదిలి ఉంటే సుధాకర్ నీళ్లలో పడేవాడే. అది ఒప్పుకుంటాను. మరి నన్ను కళ్లు మూయించి కూర్చోబెట్టింది ఎవరు? మోసపుచ్చే ఆత్మలు ఉన్నాయని వాక్యం చెబుతుంది. అవి ప్రార్థనకు ఆమెన్ అంటాయా? అందులోనూ, నెరవేరిన ప్రార్థనకు? ఆమెన్ అన్న గొంతూ, కదలకు అన్న గొంతూ ఒకరివేనా? ఉపవాసముండి అడుగుతూనే ఉన్నాను.

సుధాకర్ తాగుడు మానేశాడు. చంకలో కర్ర పెట్టుకుని ప్రతి ఆదివారం చర్చికి వస్తున్నాడు. నా భార్య అది సాక్ష్యంగా చెబితే అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఇప్పటికీ సంఘంలో ప్రార్థన నేనే నడిపిస్తాను. అతను వెనక వరుసలో కూర్చుంటాడు. నేను ఆగగానే అందరి గొంతుల్లో అతని ఆమెన్ నాకు వేరుగా వినిపిస్తుంది. అప్పుడు కళ్లు తెరిచి, అతని పెదాలు కదులుతున్నాయో లేదో చూస్తాను.

ఒక్కోసారి తల వంచుకుని ఉంటాడు. పెదాలు కనిపించవు.